తప్పు మనిషిని చంపడమేనా తప్పు?

రజనీకాంత్ పోలీసు సూపరింటెండెంట్‌గా నటించిన ‘వేట్టయన్’ అనే తమిళ చిత్రం 2024 అక్టోబర్ 10న విడుదలైంది. తెలుగులోకి అనువదించి అదే పేరుతో మన థియేటర్లకూ పంపారు. ‘వేటగాడు’ అనే చక్కని తెలుగు మాట ఉండగా తమిళ పేరే ఎందుకు ఉంచారని కొందరు ఆగ్రహించారు. ఆ చర్చ కొన్ని రోజులు సాగింది. పేరు ఏ భాషలో ఉందన్న దానిపై జరిగిన చర్చలో పదో వంతైనా ఆ పేరు ఎవరికి పెట్టారన్న దానిపై జరగలేదు. ప్రజల పన్నులతో జీతం తీసుకునే పోలీసు అధికారిని వేటగాడని పిలిస్తే, అతని తుపాకీకి ఎదురుపడినవాళ్లు ఏమవుతారు? మృగాలవుతారు. మృగానికి ఎఫ్.ఐ.ఆర్. ఉండదు, వకీలు ఉండడు, వాయిదా ఉండదు.

పదో తరగతి చదువుతున్న మా మనవడు పట్టుబట్టడంతో ఆ చిత్రం చూడటానికి వెళ్లాను. కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అదియన్ అనే అధికారి ఎన్‌కౌంటర్లకు పేరుపొందినవాడు. శరణ్య అనే ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని ధైర్యంగా ఇచ్చిన ఫిర్యాదుతో గంజాయి ముఠా గుట్టు బయటపడుతుంది. ఆ ముఠా నాయకుణ్ణి అదియన్ కాల్చి చంపుతాడు. హాలు దద్దరిల్లింది. మా మనవడూ ఈల వేశాడు. ఆ తర్వాత శరణ్య హత్యకు గురవుతుంది. రాష్ట్రమంతా అట్టుడుకుతుంది. గుణ అనే పేదింటి కుర్రవాడు నిందితుడని తేలుస్తారు. అదియన్ అతణ్ణీ కాల్చి చంపుతాడు. మళ్లీ ఈలలు. అమితాబ్ బచ్చన్ పోషించిన న్యాయమూర్తి సత్యదేవ్ పాత్ర విచారణ జరిపి, గుణ నిర్దోషి అని నిరూపిస్తుంది. అదియన్ కుమిలిపోతాడు. అసలు దోషులను వెతుక్కుంటూ వెళ్లి, కోచింగ్ వ్యాపారంతో కోట్లు గడించిన నటరాజ్ దగ్గరకు చేరుకుంటాడు.

బయటికి వచ్చాక మా మనవడు చాలాసేపు మౌనంగా నడిచాడు. చివరికి, “పాపం దాదా, గుణ ఆ పని చేయనే లేదు” అన్నాడు.

“చేసి ఉంటే?” అని అడిగాను.

“చేసి ఉంటే సరే కదా దాదా, చంపినా తప్పేముంది?” అన్నాడు.

ఆ పిల్లవాడు చిత్రాన్ని తప్పుగా అర్థం చేసుకోలేదు. సరిగ్గా అది చెప్పినట్టే అర్థం చేసుకున్నాడు. ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యానికి నా సమాధానం.

సగం దారిలో ఆగిన పశ్చాత్తాపం

దర్శకుడు టి.జె. జ్ఞానవేల్ నిజాయితీని నేను శంకించడం లేదు. లాకప్‌లో గిరిజనుడి మరణంపై 2021లో ‘జై భీమ్’ తీసిన వ్యక్తి ఆయనే. ఒక అగ్రహీరో చేత ‘నేను చంపినవాడు నిర్దోషి’ అని ఒప్పించడానికి కూడా ధైర్యం కావాలి. తక్కిన పోలీసు చిత్రాలు ఆ మాత్రం దూరమైనా వెళ్లలేదు.

కానీ ఈ చిత్రం ఎంతవరకు వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. గుణ మరణం తప్పు అంటుంది. ఎందుకు తప్పు? అతను నిర్దోషి కనుక. మరి మొదట చనిపోయిన గంజాయి ముఠా నాయకుడి సంగతి ఏమిటి? అతని విషయంలో ఏ కమిషనూ కూర్చోదు, ఏ న్యాయమూర్తీ అడగడు, అధికారికి నిద్ర చెడదు. అంటే చంపడం తప్పు కాదు, గురి తప్పడమే తప్పు. వేటగాడు వేట మానలేదు, ఇకనుంచి జాగ్రత్తగా గురి చూస్తానని మాట ఇచ్చాడు. ప్రేక్షకుడు నిర్దోషి కోసం ఒక కన్నీటిబొట్టు రాల్చి, ఆ వెంటనే దోషిపై పడే దెబ్బకు మళ్లీ ఈల వేయడానికి సిద్ధమవుతాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తూటా పేలే క్షణంలో ఎవడు గుణ, ఎవడు నటరాజ్ అన్నది ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవడానికే విచారణ ఉన్నది. విచారణకు ముందే శిక్ష వేసి, ఆ తర్వాత అతను నిర్దోషి అని తేలితే విచారించడం సినిమాలో రెండున్నర గంటల కథ అవుతుంది. జీవితంలో అది సమాధి మాత్రమే.

దక్షిణాది తెరపై ఖాకీ దేవుళ్లు

ఈ కథ ఒక్క చిత్రంతో మొదలైంది కాదు. 2003లో తమిళంలో వచ్చిన ‘సామి’ మరుసటి ఏడాది మనకు ‘లక్ష్మీ నరసింహా’ అయింది. ‘కాక్క కాక్క’ ‘ఘర్షణ’ అయింది. 2010 నాటి ‘సింగం’ను ‘యముడు’గా, 2016 నాటి ‘తెరి’ని ‘పోలీసోడు’గా అనువదించి చూశాం. పోలీసు కథానాయకుడికి యముడని పేరు పెట్టడంలో మనకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. యముడి కొలువులో కూడా చిత్రగుప్తుడు లెక్కలు చదివి వినిపించిన తర్వాతే శిక్ష ఉంటుందని మన పెద్దలు చెప్పేవారు. ఈ యముడికి ఆ చిట్టా కూడా అక్కరలేదు.

2020 జూన్‌లో తూత్తుక్కుడి జిల్లా సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెనిక్స్ అనే తండ్రీకొడుకులను లాక్‌డౌన్ వేళ దాటి దుకాణం తెరిచి ఉంచారన్న ఆరోపణపై పోలీసులు తీసుకెళ్లారు. కొద్ది రోజుల్లో ఇద్దరూ శవాలై తిరిగి వచ్చారు. అప్పుడు ‘సామి’, ‘సింగం’ చిత్రాల దర్శకుడు హరి, పోలీసులను గొప్పచేసి చూపిస్తూ అయిదు చిత్రాలు తీసినందుకు బాధపడుతున్నానని బహిరంగంగా ప్రకటించారు. ఆ ప్రకటనను నేను గౌరవిస్తాను. మన తెలుగు దర్శకులలో ఒక్కరి నోటి నుంచైనా అటువంటి మాట విన్న జ్ఞాపకం నాకు లేదు.

అదే తమిళ చిత్రసీమ ‘విసారణై’ అనే చిత్రాన్నీ ఇచ్చింది. వెట్రిమారన్ 2015లో తీసిన ఆ చిత్రానికి మూలం ఎం. చంద్రకుమార్ రాసిన ‘లాకప్’ నవల. కోయంబత్తూరుకు చెందిన ఆ ఆటో డ్రైవర్ తన అనుభవాన్నే నవలగా రాశాడు. బతుకుతెరువు కోసం గుంటూరు వచ్చిన తమిళ కూలీలను పట్టుకుని, చేయని దొంగతనాన్ని ఒప్పుకోమని మన పోలీసులు కొట్టే కథ అది. జరిగింది మన గడ్డపైన, కొట్టింది మన భాషలో. అయినా మన ఊళ్లలో ‘యముడు’ ఆడినన్ని రోజులు ‘విసారణై’ గురించి మాట్లాడుకున్నవారు ఎందరు?

ఒకే రోజు, రెండు నెత్తుటి మడుగులు

2015 ఏప్రిల్ 7వ తేదీని మనలో చాలామంది ఒక సంఘటనకే గుర్తుంచుకుంటారు. ఆ రోజు వరంగల్ కేంద్ర కారాగారం నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళుతున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు వాహనంలోనే హతులయ్యారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసుల కథనం. చేతులకు బేడీలతో సీట్లలో ఒరిగిపోయిన శవాల ఛాయాచిత్రాలను దేశమంతా చూసింది.

సరిగ్గా అదే రోజు శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో ఇరవైమంది ఎర్రచందనం కూలీలు చనిపోయారు. వారు తమిళనాడు నుంచి కూలికి వచ్చిన నిరుపేదలు. దుంగలు కొన్న ఆసాములు కాదు, ఓడల్లోకి ఎక్కించిన వ్యాపారులు కాదు, గొడ్డలి పట్టిన చేతులు మాత్రమే.

ఒక రాష్ట్రంలో అయిదుగురు, పక్క రాష్ట్రంలో ఇరవైమంది. ఒకచోట ఉగ్రవాదులన్నారు, మరొకచోట దొంగలన్నారు. ఒకచోట మతం, మరొకచోట భాషా పేదరికమూ చావును సులువు చేశాయి. ఆనాడు మేము ఆలేరు గురించి వినతిపత్రాలు రాశాం, సభలు పెట్టాం. ఆ కాగితాలలో శేషాచలం కూలీల ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేదు. తమిళనాడులో కూలీల కోసం రోడ్లెక్కిన వారికీ ఆలేరు పేరు తట్టి ఉండదు. ఎవరి శవాలను వారే లెక్కపెట్టుకున్నాం. చంపినవారికి కావలసింది అదే.

ఇంకొక తప్పు కూడా చేశాం. మా వినతిపత్రాలలో ప్రతి పేరాలోనూ ‘అమాయక యువకులు’ అని రాశాం. వారు అమాయకులో కాదో తేల్చవలసింది కోర్టు. కోర్టుకు వెళ్లే దారిలోనే వారిని చంపారు గనుక అది ఇక ఎప్పటికీ తేలదు. మేము రాయవలసిన మాట వేరు: ‘వారు నేరస్థులే అనుకున్నా, బేడీలు వేసిన మనిషిని చంపే హక్కు ఎవరికీ లేదు.’ మేము ‘అమాయకులు’ అన్న మాటను ఆశ్రయించిన నాడే, అమాయకుడు కానివాణ్ణి చంపవచ్చునని సగం ఒప్పుకున్నాం. మా మనవడు అన్న మాటకూ మా వినతిపత్రానికీ తేడా ఎంత?

ఆ శుక్రవారం

2019 డిసెంబర్ 6, శుక్రవారం. ఏటా ఆ తేదీన బాబ్రీ మసీదును తలచుకుని న్యాయం గురించి మాట్లాడుకుంటాం. ఆ తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. అక్కడికి చేరిన జనం పోలీసులపై పూలు చల్లారు. జుమా నమాజు తర్వాత మా మసీదు బయట కూడా సంతోషం వ్యక్తమైంది. ఒకాయన మిఠాయి పంచాడు. నేను కాదనకుండా తీసుకున్నాను. ఆ తీపి ఇప్పటికీ నా నాలుకపై చేదుగా ఉంది.

మేము ఎందుకు సంతోషించాం? ఆ యువతికి జరిగిన ఘోరం అందరి గుండెలనూ మండించింది, అది నిజం. కానీ మరొక కారణమూ ఉంది. ఆ నలుగురిలో ఒకడు ముస్లిం, ముగ్గురు హిందువులు. అయినా అంతకుముందు వారం రోజులూ ఆ ఒక్క పేరే ఫోన్లలో తిరిగింది, మొత్తం సమాజాన్ని బోనులో నిలబెట్టింది. మేము చప్పట్లు కొట్టి మా శీలాన్ని నిరూపించుకోవాలనుకున్నాం. అనుమానం నుంచి బయటపడటానికి హత్యను ఆమోదించాం.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది తేల్చింది. పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని చెప్పింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని కూడా నిర్ధారించింది. ఆ నివేదిక వచ్చిన రోజు మా మసీదు బయట ఎవరూ ఏమీ పంచలేదు.

ఒక గుమాస్తా సాక్ష్యం

నేను మూడు దశాబ్దాలకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేశాను. కొంతకాలం ఒక డివిజన్ కార్యాలయంలో మెజిస్టీరియల్ విచారణ ఫైళ్లు నా బీరువాలో ఉండేవి. ఎదురుకాల్పుల్లో మరణం సంభవిస్తే, ఆ సంగతి తెలిసినవారు ఫలానా గడువులోగా హాజరై వాంగ్మూలం ఇవ్వవచ్చునని పత్రికలో చిన్న ప్రకటన వేసేవాళ్లం. ఏ మూలనో, టెండరు ప్రకటనల పక్కన పడేది.

ఒకనాడు ఒక వృద్ధురాలు మా ఆవరణలోని వేపచెట్టు కింద ఉదయం నుంచి కూర్చుని ఉంది. మధ్యాహ్నం నా దగ్గరకు వచ్చి, “సారూ, నా కొడుకు సంగతి ఈడనే చెప్పాలంట గదా” అంది. “అమ్మా, సారు క్యాంపులో ఉన్నారు, సోమవారం రా” అన్నాను. అబద్ధం కాదు, అధికారి నిజంగానే లేరు. కానీ ఆమె పేరు రాసుకోలేదు, ఊరు అడగలేదు. ఆమె సోమవారం రాలేదు. బస్సు ఛార్జీలు లేక రాలేదో, భయపడి రాలేదో నాకు తెలియదు. గడువు ముగిశాక ఫైలులో ‘ఎవరూ హాజరు కాలేదు’ అని టైపు చేసింది నేనే.

ఆ తూటా పేల్చింది ఎవరైనా కావచ్చు, ఆ వాక్యం మాత్రం నాది. ఎన్‌కౌంటరు ఒక్క తుపాకీతో పూర్తి కాదు. దానికి నాలాంటి గుమాస్తా టైపు మిషనూ, పోలీసు చెప్పిందే రాసే విలేకరి కలమూ, హాలులో ఈల వేసే నోరూ కావాలి.

సినిమాలో ఈ కాగితాలేవీ కనిపించవు. కనిపిస్తే ప్రేక్షకుడు విసుక్కుంటాడు. కానీ పేదవాడికి ఉన్న రక్షణ అంతా ఆ విసుగు పుట్టించే కాగితాలలోనే ఉంది. అరెస్టు చేసినవాణ్ణి ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అరెస్టుకు మెమో రాయాలని, బంధువులకు తెలపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎన్‌కౌంటరు మరణాలపై 2014లో పి.యు.సి.ఎల్. కేసులో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావాలి, సి.ఐ.డి. లేదా వేరొక స్టేషన్ బృందం దర్యాప్తు చేయాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి, సంఘటన జరిగిన వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వరాదు. అంతకుముందే, 2009 ఫిబ్రవరిలో, పౌరహక్కుల నేత బాలగోపాల్ వాదించిన కేసులో మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటరు మరణాన్నీ హత్యగా నమోదు చేసి, ఆత్మరక్షణ అన్న వాదనను కోర్టులో రుజువు చేసుకోవాలని తీర్పు ఇచ్చింది. దాని అమలును సుప్రీంకోర్టు కొద్ది వారాల్లోనే నిలిపివేసింది. తీర్పు ఆగినా, అందులోని ప్రశ్న ఆగలేదు: ఆత్మరక్షణ నిజమే అయితే, రుజువు చేయడానికి భయమెందుకు?

బతికి ఉంటేనే నిర్దోషి

‘కోర్టులు ఏళ్లూపూళ్లూ సాగదీస్తాయి, బాధితురాలి తల్లికి న్యాయం ఎప్పుడు దక్కుతుంది?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ‘వేట్టయన్’ కథే దానికి జవాబు చెబుతుంది. గుణ చనిపోగానే శరణ్య కేసు ముగిసిపోవలసింది. సత్యదేవ్ అడ్డుపడకపోతే అసలు దోషులు హాయిగా నిద్రపోయేవారు. ఎన్‌కౌంటరు బాధితురాలికి న్యాయం చేయదు, ఆమె ఫైలును మూసివేస్తుంది. కోర్టులు ఆలస్యం చేస్తున్నాయంటే న్యాయమూర్తులను పెంచాలి, ఫోరెన్సిక్ ప్రయోగశాలలను పెంచాలి, సాక్షులకు రక్షణ ఇవ్వాలి. అన్నం ఆలస్యమైందని విషం వడ్డించరు కదా.

అక్షర్‌ధామ్ దాడి కేసులో ఆరుగురు ముస్లింలకు శిక్షలు పడ్డాయి. వారిలో ముగ్గురికి ఉరిశిక్ష. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు పాతబస్తీ యువకులను ఎలా పట్టుకుపోయారో, వారు కోర్టులో ఎలా నిర్దోషులుగా బయటపడ్డారో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వం వారికి పరిహారం కూడా ఇచ్చింది, ఆ ఉత్తర్వును తర్వాత హైకోర్టు కొట్టివేసింది. పోయిన యవ్వనాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అయినా వారు తల్లుల దగ్గరకు నడిచి వచ్చారు. అరెస్టు చేసిన రాత్రే ఎవరో ‘వేటగాడు’ వారిని ముగించి ఉంటే, ఈనాటికీ వారు మన పత్రికల్లో ఉగ్రవాదులే. నిర్దోషి అనిపించుకోవడానికి ముందు బతికి ఉండాలి.

దివ్యఖురాన్ హుజురాత్ సూరా ఆరో ఆయతులో, దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి తెలుసుకోండి, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందన్న హెచ్చరిక ఉంది. అదియన్ కథ మొత్తం ఆ ఒక్క ఆయతులో ఇమిడిపోయింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ అలీ (రజి)ని న్యాయాధికారిగా పంపేటప్పుడు, రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని బోధించారు. చచ్చినవాడు రెండో పక్షం మాట చెప్పలేడు.

కనుక మనం చేయవలసినవి

మొదటిది, ఎవరి ఎన్‌కౌంటరుకూ చప్పట్లు కొట్టవద్దు. చనిపోయినవాడు మనవాడా, పరాయివాడా, నిర్దోషా, దోషా అన్న లెక్క వద్దు. పచ్చి నేరస్థుడి విషయంలో మౌనంగా ఉన్నవారికి, తమ బిడ్డ విషయంలో మాట్లాడే అర్హత ఉండదు.

రెండవది, మెజిస్టీరియల్ విచారణ ప్రకటన పత్రికలో వస్తే, ప్రతి పట్టణంలోనూ మన సంఘాలవారు ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. వాంగ్మూలం ఇప్పించాలి, దానికి రశీదు తీసుకోవాలి. నాలాంటి గుమాస్తా ‘సోమవారం రా’ అంటే అక్కడే కూర్చోవాలి.

మూడవది, కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవా అధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఈ మాట ప్రతి మసీదు నోటీసు బోర్డుపైనా ఉండాలి.

నాలుగవది, శేషాచలం కూలీని, ఆదివాసీని, దళితుణ్ణి మన వినతిపత్రాలలో రాయాలి. ఏప్రిల్ 7న ఆలేరుతో పాటు శేషాచలాన్నీ తలచుకోవాలి.

మా మనవడికి ఆ రాత్రి ఇవన్నీ చెప్పలేదు. వేపచెట్టు కింద కూర్చున్న ముసలమ్మ సంగతి మాత్రం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “ఆమె కొడుకు మంచివాడా దాదా?” అని అడిగాడు. “నాకు తెలియదు నాయనా. తెలుసుకునే వీలు లేకుండా చేశారు” అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. వేటగాడి రెండో భాగం వస్తే వాడు ఈల వేస్తాడో లేదో చెప్పలేను. కానీ ఈల వేసే ముందు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణంలోనే న్యాయం బతుకుతుంది.